ప్రపంచీకరణతో మన గుర్తింపు పోతోందా? పెడన కలంకారీ చూసినదాన్నిగా నా జవాబు

మీరు అడిగినవి రెండు: ప్రపంచీకరణ వల్ల మన సంస్కృతి చెరిగిపోతోందా, బయటి దేశంలో ఉంటే తెలుగుతనం తగ్గుతుందా అని. సిద్ధాంతాలు నాకు రావు. కలంకారీ గురించి కాస్త తెలుసు, దాంతోనే చెప్తాను.

మా అమ్మమ్మ వాళ్లది బందరు పక్కన పెడన. మామయ్యది కలంకారీ అద్దకం పని. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో టేకు అచ్చు ముంచి నలుపు గీతలు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. ఆ తర్వాత రంగు చెక్కతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉతకడానికి కాలువలో పారే నీళ్లు కావాలి. కాలువకు నీళ్లు రాకపోతే పని ఆగినట్టే. వేసవి సెలవులంతా ఇది చూస్తూ పెరిగిన నాకు ఇంతకంటే అచ్చమైన మన వస్తువు ఇంకోటి ఉండదనిపించేది.

కానీ ఆ అచ్చుల మీద ఉన్న పువ్వులు, తీగలు, సైప్రస్ చెట్లలో చాలావాటికి మూలం పారశీక అభిరుచి. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఇరాన్‌కు గుడ్డ పోయేది. అక్కడివాళ్లు నమాజు చేసుకునే వస్త్రాలు కూడా ఇక్కడే తయారయ్యేవి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి బందరులో కొట్లు పెట్టారు. వలందపాలెం (వలందులంటే డచ్చివాళ్లే), ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి, ఆటోవాళ్లకు బాగా తెలుసు. కొనేవాడు మారినప్పుడల్లా పువ్వు మారింది, రంగు మారింది. అలా మారుతూ వచ్చినదాన్నే ఇవాళ మనం సంప్రదాయం అంటున్నాం.

ఉద్యోగం వల్ల నేను నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో హిండెలోపెన్ అని చిన్న ఊరుంది, ఒకప్పుడు ఓడ నావికుల ఊరు. అక్కడి ఆడవాళ్ల పాతకాలపు పొడవాటి పైచొక్కాను వెంట్‌కె అంటారు. మ్యూజియంలో దాన్ని దగ్గరగా చూస్తే మన చీంటి గుడ్డే! కోరమాండల్ తీరంలో రంగులద్దిన నూలు గుడ్డ. ఇంట్లో ఎవరైనా పోతే నీలం రంగుది వేసుకోవాలని కట్టుబాటు కూడా ఉండేది. ఆ ఊరివాళ్లను అడిగితే ఇది మా తాతముత్తాతల వేషం అని గర్వంగా చెప్తారు. వాళ్లు చెప్పేదీ నిజమే. తరతరాలుగా వాళ్లు పెళ్లిళ్లకూ చావులకూ కట్టుకున్నది అదే మరి.

అందరూ అంత ఇష్టంగా ఏమీ కట్టుకోలేదు లెండి. ఫ్రాన్సు 1686లో మన అద్దకపు బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో వాటిని కట్టుకోవడమే నేరం చేసింది. దానికి రెండేళ్ల ముందు లండన్‌లో నేతగాళ్లు వీధుల్లో చీంటి బట్ట కనపడితే ఆడవాళ్ల మీద పడి చింపేశారు. పరాయి బట్ట వచ్చి మా బతుకులు పాడు చేస్తోంది అన్న గోల మూడొందల ఏళ్ల కిందటే లేచిందన్నమాట, అదీ మన సరుకు మీద! తర్వాత ఇంగ్లీషువాళ్లు యంత్రాలతో అవే పువ్వులు అచ్చేసి మన పనివాళ్ల పొట్ట కొట్టారు.

అందుకే సంస్కృతులు కలిసిపోవడం గురించి నాకు పెద్ద భయం లేదు. ఎవరు నిర్ణయిస్తున్నారు, డబ్బు ఎవరికి పోతోంది అన్నదే నాకు ముఖ్యం. ఇవాళ మామయ్యకు డిజైన్ వాట్సాప్‌లో వస్తుంది, రంగుతో సహా. అదే డిజైన్‌ను ఎక్కడో స్క్రీన్ ప్రింట్‌లో గంటల్లో కొట్టి, కలంకారీ పేరుతోనే సగం ధరకు అమ్ముతారు. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే ముద్ర) ఉంది, నిజమే. కానీ షాపులో చీర విప్పి చూసేవాళ్లలో దాని గురించి అడిగేవాళ్లు ఎందరు? పెడనలో అద్దకం చేసే ఆడవాళ్లు కట్టుకునేది పాలిస్టర్ చీరలే. తాము అద్దిన బట్ట కొనే స్తోమత వాళ్లకు లేదు. అలాగని పాతరోజులేవో బంగారమని కాదు. అప్పుడూ ఆ డచ్చి, ఇంగ్లీషు కంపెనీల దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆ అప్పుకు కట్టుబడి పనిచేసినవాళ్లే.

ఇక తెలుగుతనం. కృష్ణా జిల్లాలో పుట్టిన నేను బతుకమ్మ పేర్చడం నేర్చుకున్నది ఇక్కడి ఐండ్‌హోవెన్ ఊళ్లో, ఒక నిజామాబాద్ అక్క దగ్గర. గునుగు పువ్వు దొరకదు, చామంతులతో సరిపెట్టుకుంటాం. ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటే ఈ జన్మకు నేర్చుకునేదాన్ని కాదు. ఇక్కడికొచ్చాక నా తెలుగుతనం ఒక రకంగా పెరిగిందనే చెప్పాలి. (కులం కూడా వెంటే వస్తుంది, దానికి వీసా అక్కర్లేదు. ఎవరి ఇంటి పేరు ఏమిటో ఆరా తీయడం ఇక్కడా తగ్గలేదు.)

తగ్గింది ఎక్కడంటే, చిన్న చిన్న వాటిలో. అందరికీ పనికొచ్చే ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ నిలుస్తాయి. ఒక్క ఊరికే, ఒక్క వీధికే చెందినవి జారిపోతాయి. మా అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసుకు వెళ్తుంది, చక్కగా చదువుతుంది, కానీ మాట్లాడితే పాఠ్యపుస్తకంలా ఉంటుంది. మా అమ్మ బందరు యాసలో గబగబా ఏదైనా అంటే సగం అర్థం కాదు. ఆ యాసకు ఇక్కడ క్లాసు పెట్టేవాళ్లు లేరు. అందుకని సెలవులకు వెళ్లినప్పుడు అమ్మాయిని హైదరాబాద్‌లో మాల్స్ చుట్టూ తిప్పకుండా పెడనలో వదిలేస్తున్నాం. మీకూ పిల్లలుండి, ఊళ్లో చూసుకునేవాళ్లుంటే, నా సలహా కూడా అదే.