నెట్ లేని చోటికి హ్యాండ్‌హెల్డ్ పట్టుకెళ్తుంటే ఏ ఆటలు వేసుకోవాలి?

కొత్తగా రాగ్ ఆలై (చేతిలో పట్టుకుని ఆడే విండోస్ గేమ్ మిషన్) కొన్నానని, వచ్చే నెల సీలేరు వైపు పనికి వెళ్తున్నానని, అక్కడ సిగ్నల్ అంతంతమాత్రమేనని రాశారు. నెట్ అక్కర్లేకుండా ఒక్కరే ఆడుకునే ఆటలు పది చెప్పమన్నారు. పది చెప్పను. నేను నెలల తరబడి ఆడినవి కొన్ని చెబుతాను. దానికంటే ముందు వాటిని ఎలా ఏరుకోవాలో చెప్పాలి. ఆట మంచిదవడం వేరు, అది నెట్ లేని గదిలో మూడో వారం కూడా తెరుచుకోవడం వేరు.

నేను సరుకు ఓడలో థర్డ్ ఇంజనీర్ని. మాది విశాఖ. ఒకసారి ఓడెక్కితే ఐదారు నెలలు. నెట్ ఉంటుంది గానీ ఇంటికి వాట్సాప్‌లో నాలుగు మాటలు పంపుకోవడానికే సరిపోతుంది. 2023 చివర్లో మీ దగ్గరున్న మిషనే కొనుక్కుని ఎక్కాను. ముందురోజు హోటల్ గదిలో రాత్రంతా మేలుకుని వంద జీబీ దాటిన పెద్ద ఆట ఒకటి దించుకున్నాను. నాలుగో రోజు వాచ్ డ్యూటీ దిగి, స్నానం చేసి, బంక్ మీద వాలి తెరిస్తే, ఆటలు కొని ఆడుకునే స్టీమ్ యాప్ దాటాక, ఆ ఆట కంపెనీ సొంత లాంచర్ (ఆటను తెరిచే ప్రోగ్రామ్) ఇంకొకటి లేచింది. లాగిన్ అవ్వమంది. నెట్ లేదు. తర్వాతి రేవులో సిమ్ దొరికేదాకా పంతొమ్మిది రోజులు ఆ ఆట ఊరికే జాగా తిని కూర్చుంది. ఆ పంతొమ్మిది రోజులూ నన్ను ఆదుకుంది, చివరి నిమిషంలో ఎందుకో దించిన స్టార్‌డ్యూ వ్యాలీ. దాని సైజు అర జీబీ.

అందుకే కొనేముందు స్టీమ్‌లో ఆట పేజీ కుడిపక్కన చిన్న అక్షరాలు చదవండి. వేరే కంపెనీ అకౌంట్ కావాలనో, డెనువో (దొంగ కాపీలు ఆపడానికి వేసే తాళం) ఉందనో అక్కడ రాసి ఉంటుంది. ఉన్నంత మాత్రాన ఆడలేమని కాదు, కానీ మొదటిసారి నెట్‌తో తెరిచి అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత కూడా ఒక్కోసారి మళ్లీ అడగొచ్చు. డయాబ్లో 4 లాంటివైతే ఒక్కరే ఆడినా నెట్ ఉండి తీరాలి, వాటి జోలికి పోకండి. గాగ్ (GOG) అనే ఇంకో ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటలకు ఈ తాళాలుండవు. ఇన్‌స్టాల్ ఫైల్ దించి హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కించుకోవచ్చు. ఒకే ఆట రెండు చోట్లా దొరికితే నేను గాగ్‌లోనే కొంటాను, పది ఇరవై రూపాయలు ఎక్కువైనా సరే.

ఏం కొన్నా, బయల్దేరే ముందు ప్రతి ఆటనూ నెట్ ఉండగా ఒకసారి తెరిచి పదినిమిషాలు ఆడండి. కొన్ని ఆటలు మొదటిసారి తెరిచినప్పుడే తమకు కావలసిన సరంజామా ఎక్కించుకుంటాయి. తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్‌లో పెట్టి, వైఫై ఆపేసి, మిషన్ రీస్టార్ట్ చేసి మళ్లీ అన్నీ తెరవండి. ఇలా రెండు రోజులు ఇంట్లోనే నెట్ లేకుండా గడపండి. ఏది మొరాయిస్తుందో అక్కడే తెలిసిపోతుంది. విండోస్ అప్‌డేట్లూ, మిషన్‌తో వచ్చే ఆర్మరీ క్రేట్ ప్రోగ్రామ్ అప్‌డేట్లూ ముందే పూర్తిచేసుకుని, ఆ తర్వాత విండోస్ అప్‌డేట్లను కొన్ని వారాలపాటు ఆపేయండి. పవర్ బటన్ నొక్కితే స్లీప్‌కి బదులు హైబర్నేట్ (పూర్తిగా ఆగిపోయి, మళ్లీ తెరిస్తే ఉన్నచోటి నుంచే మొదలవడం) అయ్యేలా మార్చుకోండి. స్లీప్‌లో పెట్టి సంచిలో వేస్తే ఒక్కోసారి లోపల తనంతట తానే లేచి, వేడెక్కి, తీసేసరికి ఛార్జి ఉండదు.

రెండో సంగతి అక్షరాలు. 27 అంగుళాల మానిటర్ కోసం రాసిన ఆట 7 అంగుళాల తెర మీద చదవాలంటే కళ్లు లాగుతాయి. నాకు పన్నెండు గంటల పని తర్వాత ఇది పెద్ద ఇబ్బంది. స్టీమ్ వాళ్లు తమ సొంత హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ కోసం ఆటలను పరీక్షించి 'వెరిఫైడ్' అని ముద్ర వేస్తారు. ఆలై వేరే కంపెనీదే అయినా ఆ ముద్ర మనకూ పనికొస్తుంది, ఎందుకంటే అక్షరాల సైజు, కంట్రోలర్‌తో ఆడే వీలు అందులో చూస్తారు. అయినా అనుమానముంటే కొన్నాక రెండు గంటల లోపు ఆడి చూడండి. పద్నాలుగు రోజుల్లోగా అయితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది.

ఇక ఆటలు. స్టార్‌డ్యూ వ్యాలీతోనే మొదలుపెడతాను. తాత వదిలివెళ్లిన పొలంలో దుక్కి దున్ని, విత్తనం వేసి, నీళ్లు పెట్టి, పక్క ఊరివాళ్లతో పరిచయాలు పెంచుకునే ఆట. దీన్ని ఒక్క మనిషే కూర్చుని నాలుగేళ్లకు పైగా శ్రమపడి 2016లో విడుదల చేశాడు. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో 14 నిమిషాలు. పడుకునే ముందు రెండు 'రోజులు' ఆడి ఆపేయొచ్చు. రోజు ముగిసి నిద్రపోతేనే సేవ్ అవుతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. చుట్టూ నీళ్లు, ఇనుము తప్ప ఏమీ కనపడని చోట, మొలక లేచిందని చూసుకోవడం నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

చేతులకు పని కావాలనిపించిన రోజున హేడీస్. పాతాళ రాజు కొడుకు అక్కడి నుంచి తప్పించుకోబోయే కథ. ఒక ప్రయత్నం అరగంట, ముప్పావు గంట. చచ్చిపోతే ఇంటికి తిరిగొస్తాడు, అక్కడివాళ్లు ఆ చావు గురించే మాట్లాడతారు, కథ ముందుకు కదులుతుంది. అందుకే ఓడినా సమయం వృథా అయిందనిపించదు. మధ్యలో ఆపేసినా ఆ గది మొదటి నుంచి మళ్లీ అందుకోవచ్చు. నాకు ఇంజిన్ రూమ్ అలారం మోగితే ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తాలి. మీకూ కాల్ వచ్చే ఉద్యోగమైతే ఈ గుణం విలువ తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్. 2018లో వచ్చింది. 1802లో లండన్ నుంచి బయల్దేరిన ఓడ ఐదేళ్ల తర్వాత మనుషుల్లేకుండా తిరిగొస్తుంది. మనం ఈస్టిండియా కంపెనీ పంపిన బీమా ఇన్‌స్పెక్టర్లం. ఓడలో ఉన్న 60 మందికీ ఏమైందో తేల్చాలి. చేతిలో క్రూ లిస్టు, వాళ్లను గీసిన కొన్ని బొమ్మలు, శవం దగ్గరకెళ్తే ఆ మనిషి చివరి క్షణాన్ని చూపించే గడియారం. అంతే. ఎవరు ఎవరో ఎవరూ చెప్పరు. వేసుకున్న బట్టలు, మాట యాస, పడుకున్న ఊయల మీది నంబరు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఇవన్నీ కూర్చుకోవాలి. ఓడలో పనిచేసేవాడికి ఇది ఇంకోలా తగులుతుంది. మెస్‌లో ఎవరితో ఎవరు తింటారో చూసి ఎవరు ఏ డిపార్టుమెంటో చెప్పేయగలం మేము. ఆ లిస్టులో దేశం దగ్గర 'ఇండియా' అని రాసిన పేర్లు కూడా ఉన్నాయి. రెండొందల ఏళ్ల కిందట వాళ్ల ఓడల్లో పనిచేసిన మన లాస్కర్లు, అంటే నావికులు. ఆ పేర్లకు మొహాలు వెతికి పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్క హెచ్చరిక. నలుపు తెలుపు చుక్కలతో గీసిన బొమ్మలు, పైగా మన కళ్లతో చూస్తున్నట్టు తిరిగే కెమెరా. ఓడ ఊగుతున్నప్పుడు ఆడితే నాకు కడుపులో తిప్పేది, రేవులో కట్టేసి ఉన్నప్పుడే ఆడేవాణ్ణి. మీకు కొండదారిలో జీపు ఎక్కినప్పుడే ఆ బాధ.

మనవాళ్లు చేసిన ఆట ఒకటైనా ఉండాలనుకుంటే రాజీ. పుణేలోని నోడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో తెచ్చారు. రాక్షసులు ఎత్తుకెళ్లిన తమ్ముడి కోసం అక్క బయల్దేరుతుంది, దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ కథ చెబుతారు. పోరాటం కొంచెం బిగువు తక్కువే. కోటలు, గోడల మీది చిత్రాలు చూడటానికే ఆగిపోతాం. రెండు ఆదివారాల్లో అయిపోతుంది.

పెద్ద ఆట ఒక్కటే పెట్టుకోండి. నేనైతే విచర్ 3 అంటాను. 2015 నాటిది కాబట్టి మిషన్‌ని మరీ కష్టపెట్టదు, గాగ్‌లో దొరుకుతుంది, ఆర్నెల్లయినా తరగదు. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలుంది, మొదటే చేసుకోండి. కానీ ఇలాంటి ఆటకి ప్లగ్ దగ్గరే ఉండాలి. మన మిషన్ బ్యాటరీ 40 వాట్-అవర్లే. పూర్తి వేగంతో నడిచే టర్బో మోడ్‌లో నాకు గంట దాటి కొంచెం, సైలెంట్ మోడ్‌లో స్టార్‌డ్యూ లాంటివైతే రెండున్నర గంటల పైమాట. మీ దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటే చిన్న ఆటలవైపే మొగ్గండి.

తిరిగొచ్చాక ఒక జాగ్రత్త. నెట్ తగలగానే స్టీమ్ మీ సేవ్ ఫైళ్లను క్లౌడ్‌లో ఉన్నవాటితో పోల్చి, తేడా ఉంటే ఏది ఉంచాలని అడుగుతుంది. తేదీ చూసి, మిషన్‌లో ఉన్నదే ఎంచుకోండి. తొందరలో క్లౌడ్‌ది నొక్కితే నెలల తరబడి పెంచిన పొలం మొదటి రోజుకి పోతుంది. ఆ పొరపాటు మా ఎలక్ట్రికల్ ఆఫీసర్ చేశాడు, వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.