సౌర తుఫాను వస్తుందని ముందే చెప్పగలరా?

2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది కదా, అలాంటి తుఫాను సంగతి ముందే తెలుస్తుందా, వరంగల్‌కు దానితో ముప్పుందా అన్నది ప్రశ్న.

కొంతవరకే తెలుస్తుంది. సూర్యుని నుంచి ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) మేఘం ఎగసిపడడం, సూర్యబింబాన్ని కప్పి దాని చుట్టుపక్కల వెలుగును చూపే కరోనాగ్రాఫ్ పరికరం చిత్రాల్లో కనిపించగానే దాని వేగాన్ని లెక్కగట్టి, ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరవచ్చని అంచనా వేస్తారు. అది ఎన్నో గంటలు అటూ ఇటూ అవుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. మేఘం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే అది భూమి క్షేత్రంతో ముడిపడి శక్తిని లోపలికి పంపుతుంది. ఉత్తరానికి ఉంటే, ఎంత పెద్ద మేఘమైనా చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. ఆ దిశ మాత్రం, సూర్యుడి వైపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే బిందువు దగ్గరున్న ఉపగ్రహాలను మేఘం తాకేదాకా నమ్మకంగా తెలియదు. అప్పటికి చేతిలో మిగిలేది సుమారు 15 నుంచి 60 నిమిషాలు. సూర్యుణ్ణి గమనించే మన ఇస్రో ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6 నుంచి అక్కడే తిరుగుతోంది.

ఇక ఈ తుఫానుల ధాటి ధ్రువాల వైపే ఎక్కువ; వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద, అయస్కాంత మధ్యరేఖకు ఇంకా దగ్గరగా ఉంది కనుక, 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్‌లో సౌర తుఫానుకు తొమ్మిది గంటలు కరెంటు పోయినట్టు రామగుండం లైన్లకూ అవుతుందని భయపడనక్కరలేదు. రామప్ప చెరువు కట్ట మీద ఎర్రటి ఆకాశం కోసం కాచుకోవడమూ, నా లెక్కలో, నిద్ర చెడగొట్టుకోవడమే. జీపీఎస్ సంగతి వేరు: అయనో ఆవరణం (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర) కల్లోలమైతే సంకేతం ఆలస్యమై, మిర్చి తోటలో మందు కొట్టే డ్రోన్ కొన్ని మీటర్లు తప్పి, గట్టు దాటి పక్కవాళ్ల చెలకలోకి జరగవచ్చు.