క్యాలిక్యులేటర్‌కి డిఫరెన్షియేషన్ నేర్పించొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్, మేం టెక్సస్‌లో ఉంటాం, మా బాబు 11వ గ్రేడు, వాడి దగ్గర టీఐ-84 ప్లస్ క్యాలిక్యులేటర్ ఉంది. అందులో డెరివేటివ్ కోసం ఉండే ఎన్‌డెరివ్ అనే కమాండ్‌కి ఎక్స్ క్యూబ్ ఇస్తే 3ఎక్స్ స్క్వేర్ అని రాదు, ఉత్త నంబర్ వస్తుంది. ఫార్ములానే వచ్చేలా ప్రోగ్రామ్ రాస్తానని రెండు వారాల్నుంచి కూర్చున్నాడు, ప్రొడక్ట్ రూల్, అంటే రెండు ఫంక్షన్ల గుణకారాన్ని డిఫరెన్షియేట్ చేసే సూత్రం, దగ్గరికొచ్చేసరికి అన్నీ తప్పులే. అసలు అయ్యే పనేనా, ఫార్ములా తనే ఇచ్చే టీఐ-89 కొనిచ్చేయమంటారా?

జవాబు: కొనకండి, రాయనివ్వండి, కచ్చితంగా అవుతుంది. 1953లోనే కాహ్రిమానియన్, నోలన్ అనే ఇద్దరు ఎవరికి వాళ్లు మాస్టర్స్ థీసిస్ కోసం అప్పటి కంప్యూటర్లతో ఈ పని చేయించారు.

ఎన్‌డెరివ్ డిఫరెన్షియేట్ చేయదండీ, అటు 0.001 ఇటు 0.001 జరిగి రెండు పాయింట్ల మధ్య వాలు లెక్కేస్తుంది అంతే. ఎక్స్ క్యూబ్‌కి 2 దగ్గర అడిగితే 12.000001 వస్తుంది, ఆ చివరి 1 ఎక్కడ్నుంచి వచ్చిందో బాబుని కాగితం మీద విప్పి చూడమనండి, 0.001 స్క్వేరే అది. మాడ్ ఎక్స్‌కి సున్నా దగ్గర డెరివేటివే లేదు, అయినా ఇది 0 అని చెప్పేస్తుంది.

ఇక తప్పులు ఎందుకంటే, బాబు ప్రోగ్రామ్‌ని దాన్నే మళ్లీ పిలిచేలా రాసుంటాడు. టీఐ-84లో ఏ, బీ లాంటి వేరియబుల్స్ అన్నీ ఉమ్మడివి, లోపలి పిలుపు బయటిదాని విలువని చెరిపేస్తుంది, ప్రొడక్ట్ రూల్‌కేమో రెండు ముక్కలూ గుర్తుండాలి కదా, అక్కడ దొరికిపోతాడు.

కాబట్టి పిలుపులు మానేసి ముక్కలకి నంబర్లివ్వమనండి. ఎక్స్ స్క్వేర్ సైన్ ఎక్స్ తీసుకుందాం: 1 ఎక్స్, 2 అంకె 2, 3 పవర్, 4 ఎక్స్, 5 సైన్, 6 గుణకారం. ఎల్1 లిస్టులో ఒక్కో ముక్క ఏ రకమో, ఎల్2, ఎల్3లో దాని కింద ఉన్న ముక్కల నంబర్లు, 6కి అవి 3, 5. ఇలా రాస్తే కింది ముక్కలెప్పుడూ ముందే వస్తాయి, అందుకని 1 నుంచి 6 దాకా ఒక్క ఫర్ లూప్ చాలు, ప్రతి ముక్కకీ దాని డెరివేటివ్ ఏ నంబరు ముక్కో ఎల్4లో పెట్టుకుంటూ పోవడమే. 6 దగ్గరికొచ్చేసరికి 3ది, 5ది రెడీగా ఉంటాయి, రెండు గుణకారాలు, ఒక కూడిక లిస్టు చివర చేర్చితే పని అయిపోయినట్టే. నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది ఇదే.

అసలు చాకిరీ సింప్లిఫై చేయడంలో ఉంది. సున్నాతో గుణకారం, ఒకటితో గుణకారం, సున్నాతో కూడిక, ఈ మూడూ ముక్క పుట్టేటప్పుడే ఆపేయాలి, లేకపోతే స్క్రీన్ నిండా చెత్తే.

ఒక్క జాగ్రత్త, కాలేజీ ప్రవేశానికి రాసే ఏసీటీ పరీక్షలో టీఐ-89 అనుమతించరు, టీఐ-84లో కూడా ఇలాంటి ప్రోగ్రామ్ ఉంటే తీసేసి వెళ్లాలి. ముందు రోజే ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోమనండి, రెండు వారాల కష్టం పోకూడదు.