బైక్ షోరూమ్‌ని సర్వీస్ షెడ్ చూసి ఎంచుకోండి

మొదటిసారి బైక్ కొంటున్నానని, దగ్గర్లో ఒకే కంపెనీ షోరూమ్‌లు రెండు ఉన్నాయని, మాకు ఎదురైన మంచీ చెడూ చెప్తే ఏది నమ్మాలో తేల్చుకుంటానని మీరు అడిగారు. మా ఇంట్లో బళ్లు కొన్నదీ, సర్వీస్ చేయించిందీ విజయవాడ, ఖమ్మం వైపు. ఆ అనుభవంతో నేను చెప్పేది ఒకటే. అమ్మే కౌంటర్‌ని చూసి షోరూమ్‌ని ఎంచుకోకండి. అమ్మేటప్పుడు అందరూ బాగానే మాట్లాడతారు. కుర్చీ వేస్తారు, కూల్ డ్రింక్ తెప్పిస్తారు, డెలివరీ రోజు బండికి దండ వేసి ఫొటో తీస్తారు. వాళ్ల అసలు తీరు బండి సర్వీస్‌కి వెళ్లినప్పుడే తెలుస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందే ఒక పొద్దున్న రెండు చోట్లా సర్వీస్ షెడ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి.

ముందు చెడు అనుభవం. మా తమ్ముడికి 125 సీసీ బండి కోసం ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లాం. పేరు వద్దులెండి. సేల్స్ అతను విజిటింగ్ కార్డు వెనకాల ఆన్ రోడ్ ధర అని ఒక్క మొత్తం రాసిచ్చాడు. విడివిడిగా రాసివ్వమంటే "అన్నీ కలిపే చెప్పాను కదా సార్" అన్నాడు. పట్టుబడితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. హ్యాండ్లింగ్ చార్జీలు, "కంపల్సరీ" అంటూ యాక్సెసరీస్ కిట్, హెల్మెట్‌కి వేరే డబ్బు, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న షరతు.

బండి డీలర్ దాకా చేరే ఖర్చు, డీలర్ మార్జిన్, జీఎస్టీ అన్నీ ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంటాయి. దాని పైన మనం కట్టాల్సినవి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజులు, ఇన్సూరెన్స్. హ్యాండ్లింగ్ అనేది డీలర్ తనంతట తాను వేసుకునే చార్జీ. హెల్మెట్ సంగతికొస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం బండి కొనేటప్పుడు దాన్ని కంపెనీయే ఇవ్వాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 5 ఏళ్లకు ఒకేసారి కట్టాలన్నది నిజమే, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బళ్లకు అది తప్పనిసరి. అయితే ఏ కంపెనీ పాలసీ తీసుకోవాలో మన ఇష్టం.

ఇవన్నీ అడిగాక మేనేజర్ గదిలోంచి వచ్చి హ్యాండ్లింగ్ చార్జీ కొట్టేశాడు. అడిగితే తీసేయగలిగినప్పుడు అసలు ఎందుకు వేసినట్టు? పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కూతురికి స్కూటర్ కొంటూ అదే చార్జీ మారు మాట్లాడకుండా కట్టేశాడు. నాకు ఇప్పటికీ మనసులో మెదిలేది ఆయనే. అడిగిన వాడికి ఒక ధర, అడగని వాడికి ఒక ధర ఉంటే ఆ షోరూమ్ ఎంత మెరిసిపోతున్నా అది మంచి షోరూమ్ కాదు.

తర్వాత మొదటి ఫ్రీ సర్వీస్. ఫ్రీ అంటే లేబర్ వరకే, ఆయిల్‌కి డబ్బు కట్టాలి. అందులో తప్పేం లేదు. కానీ బిల్లులో ఇంజిన్ ఆయిల్‌తో పాటు చైన్ లూబ్, పాలిష్, "కన్స్యూమబుల్స్" అని వరసగా ఉన్నాయి. చైన్ మీద వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది, ఎర్రటి దుమ్ము అంటింది తప్ప జిడ్డు మచ్చ కూడా లేదు. సర్వీస్ అడ్వైజర్‌ని అడిగితే "వాటర్ వాష్‌లో పోయుంటుంది సార్" అన్నాడు. వాష్ ముందు చేసి, తడి ఆరాక లూబ్ వెయ్యాలన్నది రోడ్డు పక్క మెకానిక్ దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి కూడా తెలుసు. అదే అడ్వైజర్ బిల్లు చేతికిస్తూ "కంపెనీ నుంచి కాల్ వస్తే 10 కి 10 ఇవ్వండి సార్" అని మాత్రం మర్చిపోకుండా చెప్పాడు.

ఆ కాల్‌ని తేలిగ్గా తీసుకోకండి. మొహమాటానికి 10 చెప్పేస్తారు చాలామంది. పని సరిగ్గా జరగకపోతే జరగలేదనే చెప్పండి. నేను చెప్పాను. షోరూమ్ వాళ్లే ఫోన్ చేసి, బండి మళ్లీ తెమ్మని, నా ముందే చైన్ శుభ్రం చేసి లూబ్ వేసి, ఆ లైను డబ్బు తిరిగిచ్చారు.

ఇక మంచి అనుభవం. ఖమ్మం దగ్గర నేను చాలాకాలం వెళ్లిన ఒక చిన్న సర్వీస్ సెంటర్. ఏసీ లేదు, వెయిటింగ్ హాలు లేదు, షెడ్డులో రెండు ర్యాంపులు. ఒకసారి గతుకుల్లో ముందు వైపు టకటకమని శబ్దం వస్తుంటే తీసుకెళ్లాను. అంతకుముందు వేరే చోట చూపిస్తే బండి నడపకుండానే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) మార్చాలన్నారు. ఇక్కడి పెద్ద మెకానిక్ ముందు తనే ఒక రౌండ్ నడిపి వచ్చాడు. తర్వాత నన్ను పిలిచి, ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపమన్నాడు. హ్యాండిల్ కింద "టక్" మంది. "ఇదీ శబ్దం. కోన్ సెట్ పోలేదు, లూజైంది. టైట్ చేస్తే చాలు. మళ్లీ ఇలాగే ఊపి చూసుకోండి, త్వరగా లూజైతే అప్పుడు మారుద్దాం" అన్నాడు. టైట్ చేసి, హ్యాండిల్ రెండు వైపులా పట్టేయకుండా తిరుగుతోందో లేదో నా చేతే తిప్పించాడు. బిల్లు లేబర్ వరకే.

ఆయన దగ్గర ఇంకో అలవాటు చూశాను. ఏ పార్ట్ మార్చినా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. వెనక బ్రేక్ షూలు మార్చినప్పుడు అరిగినవి నా చేతిలో పెట్టి, లైనింగ్ ఎక్కడిదాకా వచ్చిందో గోటితో గీసి చూపించాడు. ఒకసారి వారంటీలో మార్చాల్సిన స్విచ్ ఒకటి స్టాక్ లేకపోతే, వచ్చాక వాళ్లే ఫోన్ చేశారు. నేను గుర్తు చేయాల్సిన పని పడలేదు. మా వీధిలో వాళ్లు తర్వాత ఆ సెంటర్‌కి అనుబంధంగా ఉన్న షోరూమ్‌లోనే బళ్లు కొన్నారు, నేను చెప్పబట్టే.

అందుకే షెడ్ చూడమన్నాను. కస్టమర్‌ని బండి దగ్గరికి రానిస్తున్నారా, జాబ్ కార్డులో కస్టమర్ చెప్పిన కంప్లయింట్ రాస్తున్నారా లేక అందరికీ "జనరల్ సర్వీస్" అని కొట్టేస్తున్నారా గమనించండి. బండి తీసుకుని బయటికొస్తున్న వాళ్లని ఒక్క మాట అడిగినా చాలు, మనవాళ్లు దాచుకోరు. ఒకే కంపెనీకి రెండు షోరూమ్‌లు ఉండటం మీ అదృష్టం. ఒక చోట కొని రెండో చోట సర్వీస్ చేయించుకోవచ్చు, ఆథరైజ్డ్ సెంటర్ ఏదైనా వారంటీ ఒకటే.

వెళ్లేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఊరి ఎక్స్ షోరూమ్ ధర చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బళ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత వీడియోల్లోని ధరలు పట్టుకుని వెళ్లకండి. కొటేషన్ షోరూమ్ ముద్రతో కాగితం మీద ఇవ్వమనండి. నెలాఖరులో టార్గెట్ల ఒత్తిడి వల్ల "ఈరోజే బుక్ చెయ్యండి" అని తొందరపెడతారు, టెన్షన్ పడొద్దు. డెలివరీ ముందు ఫారం 21 (షోరూమ్ ఇచ్చే అమ్మకపు పత్రం) లో బండి తయారైన నెల, ఏడాది చూడండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చండి.

ఏదైనా తేడా వస్తే కౌంటర్ దగ్గర గొంతు పెంచడం కన్నా, ఛాసిస్ నంబరు, జాబ్ కార్డు నంబరు పెట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయడం మేలు. అక్కడా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. బిల్లులు, కొటేషన్, వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. రెండు షోరూమ్‌ల కొటేషన్లూ చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ లైను న్యాయమో ఏది కాదో నేను చూసి చెప్తాను.