ఒంటరి ప్రపంచయాన పడవ పందెంలో తీరం నుంచి వాతావరణ సలహా తీసుకోవచ్చా?

సమాధానం నిబంధనలను బట్టి మారుతుంది. రికార్డు కోసం చేసే ప్రయాణాలలో తీరాన ఉన్న నిపుణుడు దారి చెప్పవచ్చు. 2008లో ఫ్రెంచ్ నావికుడు ఫ్రాన్సిస్ జోయోన్ 57 రోజుల్లో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చినప్పుడు ఆయనకు దారి సూచించిన జాన్ ఈవ్ బెర్నో స్వయంగా సముద్ర పందేలలో పాల్గొన్న నావికుడు. అలసిన మనిషి, ఎదురుగా లేచే అలలు, పడవ తట్టుకోగల గాలి ఇవన్నీ ఎరిగినవాడు చెప్పే అంచనాకు, పటం మాత్రమే చదివే వ్యక్తి అంచనాకు చాలా తేడా ఉంటుందని నా అభిప్రాయం.

1989లో మొదలైన, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూగోళాన్ని చుట్టే వాందే గ్లోబ్ పందెంలో మాత్రం అలాంటి వ్యక్తిగత సలహా నిషిద్ధం. అంచనాల దత్తాంశాలు ఉపగ్రహం ద్వారా పడవకు చేరుతాయి కానీ, వాటిని చదివి నిర్ణయం తీసుకోవలసింది నావికుడే. కనుక ఇక్కడ గెలవాలనుకునేవారు బయలుదేరకముందే వాతావరణ శాస్త్రాన్ని శ్రద్ధగా అభ్యసిస్తారు. దక్షిణార్ధగోళంలో అల్పపీడనానికి తూర్పున, అంటే దాని ముందుభాగంలో, ఉత్తర, వాయవ్య గాలులు వీస్తాయి. ఆ గాలులలో నిలిచి, అల్పపీడనంతో సమానంగా తూర్పుకు పరుగెత్తగలిగితే వందల మైళ్లు కలిసివస్తాయి, వెనకబడితే మాత్రం గాలి దిశ మారి, అడ్డదిడ్డమైన అలలు పడవను కుదిపివేస్తాయి. ఈ పందెంలోనే 2024 డిసెంబరులో హిందూ మహాసముద్రంలో ఫ్రెంచ్ నావికులు షార్లీ దాలాఁ, సెబాస్టియన్ సిమోన్ ఇలాంటి భారీ అల్పపీడనానికి ముందే సాగగా, మరికొందరు ఉత్తరానికి తప్పుకున్నారు. దాలాఁ 64 రోజుల 19 గంటలలో గమ్యం చేరి కొత్త రికార్డు నెలకొల్పాడు.

పాతకాలపు పద్ధతిలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలోనైతే నావికుడికి జీపీఎస్ వాడే వీలు కూడా లేదు. మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2023లో రెండవ స్థానం సాధించినది ఆ పందెంలోనే. అక్కడ గాలి పీడనం కొలిచే బారోమీటరు, ఆకాశం, రేడియోలో వినవచ్చే సమాచారమే ప్రధాన ఆధారాలు.