తూనీగ ఎదుట కూర్చునే పద్ధతి: మేనల్లుడికి లేఖ

చంద్రగిరి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చిన్న ప్రాణులను దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సు కొన్నావనీ, రెండు ఆదివారాలు చెరువు గట్టున తిరిగినా ఒక్క తూనీగ కూడా తృప్తిగా చిక్కలేదనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. దాదాపు అన్నింటిలోనూ తూనీగ వెనక నుంచి, ఎగరబోతున్న భంగిమలో ఉంది. అంటే నువ్వు దాని వెంట పడుతున్నావని అర్థం. ముందుగా ఆ అలవాటు మానుకో.

నీటి ఒడ్డున మనకు కనిపించే చాలా రకాల మగ తూనీగలు కొంత మేరను తమదిగా చేసుకుని, ఏ పుల్ల కొసనో తుంగ పరక మీదనో కూర్చుని కాపలా కాస్తాయి. పురుగును పట్టడానికో, మరో మగదాన్ని తరమడానికో లేచినా, కాసేపటికి తిరిగి ఆ పుల్ల మీదికే వస్తుంటాయి. కనుక అది లేచిపోయిందని నిరాశపడకుండా, అది లేని ఆ కొద్దిసేపట్లోనే ఒక జానెడు ముందుకు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాను కంటి దగ్గరే నిలిపి ఉంచు. నాలుగైదు సార్లు ఇలా జరిగితే అది నిన్ను ఒడ్డున ఉన్న మొద్దులాగా లెక్కగడుతుంది. పెద్ద రకాల్లో ఒక్కో కంటిలో ముప్పై వేల దాకా చిన్న చిన్న కటకాలుంటాయి; పక్కకు జరిగే కదలికను ఆ కళ్ళు ఇట్టే పసిగడతాయి. అందుచేత అటూ ఇటూ తిరగక, తిన్నగా, మెల్లగా దగ్గరవ్వాలి. నీ నీడ మాత్రం దాని మీద పడనీయకు. పడిన క్షణమే లేచిపోతుంది.

తూనీగ శరీరం మొత్తం ఫోటోలో రావాలంటే లెన్సు ఫోకస్ చేయగల అతి దగ్గరి దూరం దాకా పోనక్కరలేదు. 100 మిల్లీమీటర్ల లెన్సుతో మూరెడు దూరం నుంచి తీసినా చాలు. కళ్ళూ రెక్కల మొదళ్ళూ మాత్రమే కావాలనుకున్నప్పుడు ఇంకా దగ్గరికి వెళ్ళు. అంత దగ్గరలో ఎపర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి, తూనీగకు సరిగ్గా పక్కగా చేరి, దాని పొడవుకు కెమెరా వెనుక భాగం సమాంతరంగా ఉండేలా పట్టుకుంటే తల నుంచి తోక దాకా ఒకే తీరున వస్తుంది. ఎటు నుంచి తీసినా ఫోకస్ కంటి మీదే ఉండాలి. గాలికి పరక ఊగుతుంటే షట్టరు వేగం సెకనులో 500వ వంతుకు తగ్గనీయకు. ఫ్లాష్ వాడితే దాని ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెట్టు.

వేళ విషయానికి వస్తే, తెల్లవారుజాము కన్నా మంచి వేళ లేదని నా అనుభవం. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, మార్గశిర పుష్య మాసాల్లో మంచు పడే ఉదయాల్లో, ఒళ్ళు వేడెక్కేదాకా అవి ఎగరలేక రెక్కల మీద మంచు బిందువులతో అలాగే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండ తాకే శరీర భాగాన్ని తగ్గించుకోవడానికి కొన్ని రకాలు తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి నిలుస్తాయి. ఆ భంగిమ ఒక్కటైనా నీ సేకరణలో ఉండాలి. వానల కాలంలో గుంపులుగా తిరిగే పసుపు తూనీగ (శాస్త్రీయ నామం పంటలా ఫ్లేవెసెన్స్) తొందరగా వాలదు. వాలినా పుల్లకు వేలాడుతూ ఉంటుంది. హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు చేరే ప్రాణి అది. దాని కోసం ఎదురుచూడటంలో నాకు విసుగు ఎన్నడూ కలగలేదు.

ఒక సంగతి నా మనసులో ఇప్పటికీ బాధగా ఉంది. చాలా ఏళ్ళ క్రితం స్వర్ణముఖి నది గుంటల దగ్గర, అప్పుడే పొర విడిచి బయటికి వచ్చిన తూనీగ ఒకటి కనిపిస్తే, వెలుతురు బాగుంటుందని దాన్ని పరకతో సహా ఎండ వైపు వంచాను. జారి బురదలో పడింది. ఇంకా ఆరని రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, మళ్ళీ విడలేదు. కనుక రెక్కలు పాలగాజులా మెరుస్తూ ఒళ్ళు లేత రంగులో ఉన్నదాన్ని చేత్తో తాకకు, అది ఉన్న పరకను కదల్చకు. కదలకుండా ఉండేందుకు తూనీగలను పట్టి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు కొందరున్నారు. అటువంటి ఫోటో ఎంత చక్కగా వచ్చినా నాకు చూపించవద్దు.

మొదట కల్యాణి డ్యాము దిగువన ఉన్న గుంటలు, ఊరి చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టు. ముదురు గులాబీ రంగువీ, పసుపు రెక్కల మీద నల్లమచ్చలతో సీతాకోకచిలుకలా తేలిపోయేవీ నీకు అక్కడే కనిపిస్తాయి. తలకోన వాగు తరువాత చూద్దాం. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోది, దారి విడిచి అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. తీసిన ప్రతి తూనీగకూ పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తోక కొస కనిపించేలా ఒకటి తీసి, తేదీ, చోటు రాసిపెట్టుకో. రకం తేల్చడానికి తరచు ఆ తోక కొసే అవసరపడుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం ఐదున్నరకు అలుగు దగ్గర ఉంటాను. తుంగలో పాములుంటాయి కనుక పొడుగు బూట్లు వేసుకో. మోకాళ్ళ కింద పరుచుకోవడానికి ఒక పాత గోనెసంచి తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య