మిరప ముడత: గూగుల్‌ను ఏ మాటతో అడగాలి?

ప్రశ్న: ‘మిరప ఆకుముడత మందు’ అని గూగుల్‌లో కొడితే ఒక్కో చోట ఒక్కో మందు చెబుతున్నారు. సగం వీడియోలే. ఏది నమ్మాలండీ?
– ఓ రైతు, పల్నాడు జిల్లా

జవాబు: చిక్కంతా ‘ఆకుముడత’ అనే మాటలోనే ఉంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడలు సాగితే నల్లి. ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్. దీన్ని నయం చేసే మందే లేదు, తెల్లదోమను అదుపు చేయాల్సిందే. మీరు ఒక్క మాటే ఇస్తే ఈ మూడింటి పేజీలూ కలగాపులగంగా వస్తాయి. అందుకే ముందు చేలో ఆకు తిప్పి చూడండి, ఫోను తర్వాత. ‘మిరప పై ముడత తామర పురుగు’ అనో, ‘మిరప కింది ముడత నల్లి’ అనో అడగండి.

‘మందు’ అన్న మాటకు అమ్మేవాళ్ల పేజీలే ఎక్కువ తగులుతాయి. శాస్త్రవేత్తలు రాసేది ‘నివారణ’, ‘సమగ్ర యాజమాన్యం’ అని. వాళ్ల మాటతో అడిగితే వాళ్ల పేజీలు దొరికే అవకాశం ఎక్కువ. పూతలో నల్లటి సన్న పురుగులుంటే 2021లో గుంటూరు మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు కావచ్చు. దానికి శాస్త్రీయ నామం ‘త్రిప్స్ పార్విస్పైనస్’ (Thrips parvispinus) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ఇంగ్లిష్‌లో కొట్టమనడానికి కారణముంది. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో (యూనికోడ్ కానివి) చేసినవి. కంటికి తెలుగే, గూగుల్‌కు మాత్రం పిచ్చి గీతలు. తెలుగులో ఎంత వెతికినా అవి దొరకవు, వాటిలోని ఇంగ్లిష్ పేరుతో అయితే దొరకవచ్చు.

వీడియోలు వద్దనుకుంటే ఫలితాల పైన ఉండే ‘వెబ్’ నొక్కండి. వ్యవసాయ విశ్వవిద్యాలయం పేజీలే కావాలంటే ప్రశ్న చివర ఇంగ్లిష్‌లో ‘సైట్’ (site), కోలన్ (:), ఆ వెబ్‌సైట్ చిరునామా చేర్చండి. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే అది పనిచేయదు.

తేదీ చూడటం మరవద్దు. నల్లికి డైకోఫాల్ కొట్టమనే పాత పేజీలు ఇంకా తిరుగుతున్నాయి. కేంద్రం దాన్ని 2023లోనే నిషేధించింది. ‘టూల్స్’లో ‘గత సంవత్సరం’ ఎంచుకోండి. అయినా పాత వ్యాసానికి కొత్త తేదీ తగిలించేవాళ్లుంటారు, కాబట్టి మందు పేరు కనబడగానే దాని పక్కన ‘నిషేధం’ అని చేర్చి మరోసారి వెతకండి.

ప్రశ్న: మాటను కోట్స్ (“ ”) మధ్య పెట్టి వెతికితే ఫలితాలే రావడం లేదు. ఎందుకు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కోట్స్ పెడితే అక్షరం మారకుండా అదే మాట కావాలని అడిగినట్టు. తెలుగులో ఒకరు ‘ఆకుముడత’ అని కలిపి రాస్తారు, ఇంకొకరు ‘ఆకు ముడత’ అని విడదీస్తారు, మరొకరు ‘ఆకుముడతకు’ అంటారు. ఒక రూపానికి కోట్స్ పెడితే మిగతావి జారిపోతాయి. పొడుగాటి వాక్యానికైతే అసలే వద్దు. శాస్త్రీయ నామాలకు, మందులోని రసాయనం పేరుకు, ఫోనులో కనబడే ఎర్రర్ సందేశాలకు మాత్రం కోట్స్ బాగా పనికొస్తాయి.